రాత్రిపూట వెలగని దీపం

ఇంటి కరెంటు తీగల మీదే నడిచే పాతకాలపు ఆటోమేషన్ మొరాయిస్తే, ఓ రిటైర్డ్ సబ్‌స్టేషన్ ఉద్యోగి దాని జబ్బును ఎలా పట్టుకున్నారంటే...

అర్ధరాత్రి దాటి రెండున్నర. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ఎడిసన్‌లో కొడుకు ఇంట్లో ఆమె మంచం దిగారు. మోకాలి ఆపరేషన్ జరిగి ఏడాది కావస్తోంది. పడకగది గుమ్మం దాటగానే నడవాలోని దీపం దానంతటదే వెలగాలి. వెలగలేదు. చీకట్లోనే గోడ తడుముకుంటూ నాలుగడుగులు వేశారు. బాత్రూమ్‌కు ముందు ఒక మెట్టు దిగాలి. చెయ్యి గోడను పట్టుకుంది గానీ పాదం మెట్టు అంచును తప్పింది.

మణికట్టు వాచింది. ఎముకకేమీ కాలేదని ఎక్స్‌రేలో తేలింది. కానీ ఆ మాట వినడానికి ముందు ఆస్పత్రిలో గడిపిన మూడు గంటలూ కొడుకు మనసులో ఒకటే లెక్క. విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వచ్చిన తల్లిదండ్రులకు తీసుకున్న బీమా ఎంతవరకు ఆదుకుంటుంది? మణికట్టు కాకుండా తుంటి ఎముక అయి ఉంటే? ఇంటికి తిరిగొస్తూ కారులో, ''రేపే ఆ చెత్తంతా పీకేస్తాను'' అన్నాడు. వెనక సీట్లో ఉన్న తండ్రి ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం, ''పీకే ముందు ఎందుకు వెలగలేదో తెలుసుకోవాలి కదరా'' అన్నారు.

2023 డిసెంబరు మొదటి వారంలో ఆ ఇంట్లో వెతుకులాట అలా మొదలైంది.

కొడుకు 'చెత్త' అన్నది ఆ ఇంటితోపాటే వచ్చింది. 2019లో ఇల్లు కొన్నప్పుడు, అంతకుముందున్న యజమాని గోడల ప్లగ్గులకు తగిలించిన చిన్న చిన్న తెల్లని డబ్బాలను అలాగే వదిలి వెళ్లారు. అవి ఎక్స్-10 పద్ధతిలో పనిచేసే మాడ్యూళ్లు. ఇంటి ఆటోమేషన్ అంటే సెల్‌ఫోనూ వైఫై అనుకునే తరానికి ఆ పేరు తెలియకపోవచ్చు. స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్ పట్టణంలో పికో ఎలక్ట్రానిక్స్ అనే కంపెనీ 1975లో దాన్ని రూపొందించింది. అది ఆ కంపెనీ చేపట్టిన పదో ప్రాజెక్టు కాబట్టి ఆ పేరు. అమెరికాలో 1970ల చివర్లో అమ్మకానికి వచ్చి, లక్షలాది ఇళ్లకు చేరింది.

దాని సులువంతా ఒక్క ఆలోచనలో ఉంది. దీపం దగ్గరికి ఎలాగూ కరెంటు తీగ వెళ్తోంది. అలాంటప్పుడు వెలుగు, ఆరిపో అనే కబురు పంపడానికి వేరే తీగ ఎందుకు? ఉన్న తీగ మీదే పంపితే సరి. అమెరికాలో ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకు 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. అంటే 120 సార్లు సున్నాను దాటుతుంది. సరిగ్గా ఆ సున్నా దగ్గర, తీగ కాస్త నెమ్మదించిన క్షణంలో, 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని ఒక మిల్లీసెకను పాటు పంపుతారు. సంకేతం ఉందా, లేదా అన్నదే లిపి. ఇంటికో అక్షరం, దీపానికో అంకె. పదహారు అక్షరాలు, పదహారు అంకెలు, మొత్తం 256 చిరునామాలు. ఫలానా దీపం వెలగాలి అన్న కబురు పూర్తిగా చేరడానికి దాదాపు ముప్పావు సెకను పడుతుంది.

లోపం కూడా అక్కడే ఉంది. ఈ పాత మాడ్యూళ్లు కబురు అందుకుంటాయే తప్ప, అందిందని తిరిగి చెప్పవు. పంపిన పెట్టె తన పని అయిపోయిందనుకుంటుంది. దీపం వెలిగిందో లేదో దానికి తెలియదు. చీకట్లో నిల్చున్న మనిషికే తెలుస్తుంది.

నడవాలో అమర్చిన ఏర్పాటు ఇదీ. గోడకు బ్యాటరీతో నడిచే సెన్సర్. మనిషి కదలికను చూసి, రేడియో ద్వారా వంటింట్లోని పెట్టెకు చెబుతుంది. ఆ పెట్టె ఆ కబురును కరెంటు తీగ మీదికి ఎక్కిస్తుంది. నడవాలోని దీపానికున్న మాడ్యూల్ దాన్ని అందుకుని స్విచ్ వేస్తుంది. కొడుకు అప్పటికే సెన్సర్ బ్యాటరీలు మార్చాడు. పక్కింటివారి సంకేతాలు వస్తున్నాయేమోనని అక్షరం మార్చాడు. సెకండ్‌హ్యాండ్‌లో ఇంకో మాడ్యూల్ తెప్పించాడు. శనివారం మధ్యాహ్నం నడవాలో పదిసార్లు అటూ ఇటూ నడిచి చూశాడు. పదిసార్లూ వెలిగింది. ''బాగానే ఉంది కదా'' అన్నాడు. ఆ రాత్రి మళ్లీ వెలగలేదు.

తండ్రికి అప్పుడు డెబ్భై మూడేళ్లు. 1973లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డులో షిఫ్ట్ ఆపరేటర్‌గా చేరారు. 1999లో బోర్డును విడగొట్టినప్పుడు ట్రాన్స్‌కో వాటాకు వచ్చి, 2008లో రిటైరయ్యారు. ఉద్యోగ జీవితంలో సగానికి పైగా పశ్చిమ గోదావరిలోని 132 కేవీ సబ్‌స్టేషన్లలోనే గడిచింది. కొడుకు ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ ఆయనకు చేయడానికేమీ దొరకలేదు. డిష్‌వాషర్ సర్దబోతే కోడలు, ''మీకెందుకు మావయ్యగారూ'' అనేది. చెత్తబుట్ట బయట పెట్టబోతే మనవడు లాక్కునేవాడు. అందరిదీ ప్రేమే. కానీ ఎవరికీ అవసరం లేని మనిషిగా కూర్చోవడం, ముప్ఫై అయిదేళ్లు షిఫ్టులు చేసిన వ్యక్తికి సులభం కాదు.

తీగ మీద కబురు వెళ్తుందని కొడుకు వివరించబోతే ఆయన నవ్వారు. ''ఇది మా క్యారియరే కదరా'' అన్నారు.

ఆ మాట నిజమే. హైటెన్షన్ లైన్ల మీద పవర్‌లైన్ క్యారియర్ అనే పద్ధతి దశాబ్దాలుగా ఉంది. సబ్‌స్టేషన్ల మధ్య మాటలకు గానీ, ఒకచోట బ్రేకర్ పడితే రెండోచోట వెంటనే పడేలా చేసే సంకేతాలకు గానీ వేరే తీగ లాగేవారు కాదు. పదుల నుంచి వందల కిలోహెర్ట్జ్ మేర ఉండే సంకేతాన్ని ఆ 132 కేవీ లైన్ మీదే పంపేవారు. దాన్ని లైన్ మీదికి ఎక్కించడానికి కప్లింగ్ కెపాసిటర్ ఉంటుంది. సబ్‌స్టేషన్ లోపలికి కారిపోకుండా ఆపడానికి వేవ్ ట్రాప్ ఉంటుంది. యార్డులో లైన్ మొదట్లో పెద్ద డోలులా వేలాడుతూ కనిపించే తీగ చుట్ట అదే. తుఫాను రాత్రుల్లో ఊరి ఫోన్లు మూగబోయినా, టవర్లు నిలబడి ఉన్నంతవరకు క్యారియర్ ఫోన్‌లో అవతలి సబ్‌స్టేషన్ షిఫ్ట్ ఆపరేటర్ గొంతు వినిపించేది. ఇప్పుడు చాలాచోట్ల ఆ పనిని టవర్ల పైనుంచి వెళ్లే ఆప్టికల్ ఫైబర్ చేస్తోంది.

క్యారియర్ సరిగ్గా వినిపించకపోతే ఏం చేయాలో ఆయనకు తెలుసు. పంపేచోట బలం ఉందా? మధ్యలో ఎక్కడైనా కారిపోతోందా? లేక వినేచోట గోల ఎక్కువై వినపడటం లేదా? ఈ మూడు ప్రశ్నలే. ఎక్స్-10కూ అవే. పెట్టె నుంచి కొన్ని వోల్టులతో బయల్దేరిన సంకేతం, దీపం దగ్గరికి చేరేసరికి వోల్టులో పదోవంతు మిగిలినా చాలు. ఆ పదోవంతు కూడా మిగలకపోతేనే చిక్కు.

ముందు నడవాలో మామూలు బెడ్‌లైట్ ఒకటి ప్లగ్‌లో పెట్టించారు. తెల్లవార్లూ వెలుగుతూనే ఉండేది. అంటే ఇక ఎవరూ పడరు. తర్వాత మనవడి పాత నోటుబుక్ అడిగి తీసుకుని, స్కేలుతో గీతలు కొట్టి, సబ్‌స్టేషన్ లాగ్‌షీట్‌లా గడులు వేశారు. తేదీ, టైము, సెన్సర్ దీపం వెలిగిందా లేదా, ఆ సమయానికి ఇంట్లో ఏయే యంత్రాలు నడుస్తున్నాయి.

మొదటి గడి నింపడానికి ముందు భార్యను అడిగారు. ''ఏమోయ్, ఆ దీపం ఆ ఒక్క రాత్రే వెలగలేదా?''

ఆమె కాసేపు బ్యాండేజీ సర్దుకున్నారు. ''వెలగక పది పదిహేను రోజులైందండీ'' అన్నారు.

అందరూ ఆమె వైపు చూశారు. ''మరి చెప్పలేదేం అమ్మా?'' అన్నాడు కొడుకు.

''నువ్వు చూస్తే పదకొండింటిదాకా ఆ కంప్యూటర్ ముందే ఉంటావు. దీపం సంగతి కూడా చెప్పాలా? గోడ పట్టుకుని వెళ్తున్నానుగా.''

ఆ ఇంట్లో ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కరికే. ఆమెను అడిగినవారే లేరు. పరీక్షలన్నీ పగలు జరిగాయి. దీపం అవసరం రాత్రి. అడిగాక మాత్రం ఆమె చెప్పిన వివరాలు ఏ మీటరూ చెప్పలేనివి. వచ్చిన కొత్తలో రోజూ వెలిగేదట. ఆ తర్వాతే ఆగిపోయింది. అయితే మధ్యలో కొన్ని రాత్రులు వెలిగింది. ఏ రాత్రులు? ''అమ్మాయి డ్యూటీ నుంచి అర్ధరాత్రి వచ్చి బట్టల మిషన్లు వేసుకున్న రోజుల్లో. ఆ చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. అప్పుడు లేస్తే వెలిగేది.''

కోడలు ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది. వారంలో రెండు మూడు రోజులు సాయంత్రం షిఫ్టు. ఇంటికి రాగానే ఒంటి మీది బట్టలు ఉతికి, డ్రయర్‌లో వేస్తుంది. డ్రయర్ తిరిగితే నడవాలో దీపం వెలగడమేమిటి?

కొడుకుకు అది కాకతాళీయం అనిపించింది. తండ్రికి అనిపించలేదు. అమెరికా ఇళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కరెంటు రెండు పాయలుగా వస్తుంది. ఒక్కో పాయకూ న్యూట్రల్‌కూ మధ్య 120 వోల్టులు. రెండు పాయలకూ మధ్య 240. ఇంట్లోని ప్లగ్గులు కొన్ని ఈ పాయ మీద, కొన్ని ఆ పాయ మీద ఉంటాయి. సంకేతం ఒక పాయ నుంచి రెండో పాయకు వెళ్లాలంటే వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి చుట్టి రావాలి. ఆ ప్రయాణంలో చిక్కిపోతుంది. కానీ డ్రయర్, ఓవెన్ వంటివి 240 వోల్టులతో నడుస్తాయి. వాటి హీటర్ కాయిల్ రెండు పాయలనూ కలుపుతుంది. అది వేడెక్కుతున్నంతసేపూ సంకేతం దాటడానికి ఇంట్లోనే ఒక వంతెన ఉన్నట్టు. డ్రయర్ నడిస్తేనే దీపం వెలగడం ఎక్స్-10 వాడినవారికి బాగా తెలిసిన లక్షణమే.

ప్యానెల్ తలుపు తీసి బ్రేకర్ల వరస చూశారు. ఒకదాని కింద ఒకటిగా ఉండే బ్రేకర్లు అక్కడ ఒకటి ఈ పాయ, తర్వాతది ఆ పాయగా వస్తాయి. లోపలి కవర్ జోలికి మాత్రం వెళ్లలేదు. లైన్ క్లియర్ తీసుకోకుండా దేనిమీదా చెయ్యి వేయని అలవాటు. వంటింటి ప్లగ్గు ఒక పాయ, నడవా ప్లగ్గు రెండో పాయ అని తేలింది. పెట్టెను వంటింట్లోంచి తీసి, నడవా ఉన్న పాయ మీదికి వచ్చే హాలు ప్లగ్గులో పెట్టారు.

ఆ తర్వాత నాలుగు రాత్రుల్లో రెండు రాత్రులు వెలిగింది. ''సగం బాగుపడింది'' అన్నాడు కొడుకు. ''అప్పుడప్పుడు పనిచేసే రిలే కంటే అసలు పనిచేయని రిలే నయంరా. దాన్ని ఎవరూ నమ్ముకోరు'' అన్నారు తండ్రి.

కొడుకు ఈలోగా వైఫై బల్బులు, సెన్సర్ల ధరలు చూసి పెట్టాడు. అతని వాదనలో బలం ఉంది. కొత్త పద్ధతుల్లో కబురు అందిందని పరికరం తిరిగి జవాబిస్తుంది. అందకపోతే మళ్లీ పంపుతారు. ఎక్స్-10 అమ్మిన అమెరికా కంపెనీ 2013లోనే దివాలా తీసింది. విడి భాగాలు వెతుక్కోవాల్సిందే. అయితే కొత్తవాటికీ వాటి గండాలు వాటికున్నాయి. తీగనూ రేడియోనూ కలిపి వాడుతూ 2005లో వచ్చిన ఇన్‌స్టియాన్ అనే వ్యవస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ఉన్నట్టుండి ఆగిపోయాయి. జనం తమ ఇంటి దీపాలను ఫోన్ నుంచి వెలిగించుకోలేకపోయారు. రెండు నెలలకు ఆ వ్యవస్థను వాడుతున్నవారిలోనే కొందరు ఆ కంపెనీని కొనుక్కుని మళ్లీ నడిపించారు. కొడుకు ఈ సంగతి చెప్పినప్పుడు తండ్రి అడిగింది ఒక్కటే. ''అది చెడిపోతే మనం వెతకగలమా?''

తొమ్మిదో రోజు రాత్రి పది దాటాక నడవా, పడకగది ప్లగ్గులకు తగిలించినవన్నీ ఒక్కొక్కటిగా తీసేశారు. ఏవీ లేకుండా పదిసార్లు చూశారు. పదిసార్లూ వెలిగింది. అలారం గడియారం పెట్టారు. వెలిగింది. గదిలో తేమ కోసం పెట్టుకునే యంత్రం. వెలిగింది. మనవడి కీబోర్డు. వెలిగింది. చివరికి మంచం పక్క స్పైక్ బస్టర్ మిగిలింది. పెట్టారు. వెలగలేదు. తీశారు. వెలిగింది. మళ్లీ పెట్టారు. వెలగలేదు.

ఇండియా నుంచి తెచ్చుకున్న చార్జర్ల పిన్నులు అక్కడి ప్లగ్గుల్లో వదులుగా ఉంటున్నాయని, తల్లిదండ్రులు వచ్చిన కొన్నాళ్లకు కొడుకు కొనిచ్చిన స్పైక్ బస్టర్ అది. మంచి రకం. కరెంటులోని గోలను వడగట్టడానికి అలాంటివాటి లోపల తీగకూ తీగకూ మధ్య కెపాసిటర్ ఉంటుంది. తండ్రి కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఉదాహరణకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ 60 హెర్ట్జ్ కరెంటుకు దాదాపు 26,500 ఓమ్‌ల అడ్డు. అంటే మూసిన తలుపే. అదే కెపాసిటర్ 120 కిలోహెర్ట్జ్ సంకేతానికి 13 ఓమ్‌లు. బార్లా తెరిచిన తలుపు. కరెంటును ముట్టుకోదు. కబురును మాత్రం మింగేస్తుంది.

''మరి పగలు ఎందుకు వెలిగేది?'' అన్నాడు మనవడు.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. అమెరికా ప్లగ్గులకు స్విచ్‌లు ఉండవు. వాడని వస్తువుకు కరెంటు ఉండకూడదన్నది ఆయన జీవితకాలపు నియమం. రోజూ పొద్దున లేవగానే స్పైక్ బస్టర్‌ను గోడ నుంచి పీకి పక్కన పెడతారు. రాత్రి పడుకునే ముందు ఫోన్లు చార్జింగ్‌కు మళ్లీ పెడతారు. కొడుకు శనివారం మధ్యాహ్నం నడిచి చూసినప్పుడు అది గోడకు లేదు. ఆమె అర్ధరాత్రి లేచిన ప్రతిసారీ ఉంది.

రెండు పాయల మధ్య చిక్కిపోయిన సంకేతం ఒక్కటే అయితే దీపం ఎలాగో వెలిగేది. పగలంతా వెలిగిందిగా. స్పైక్ బస్టర్ ఒక్కటే అయినా, సంకేతం బలంగా ఉంటే అప్పుడప్పుడు తట్టుకునేది. రెండూ కలిసిన చోటే చీకటి. అందుకే ఏ ఒక్కటి విడిగా చూసినా తప్పు కనిపించలేదు.

''కొన్నది నేను నాన్నగారూ'' అన్నాడు కొడుకు.

''పెట్టింది నేను'' అన్నారు ఆయన. ఆ రాత్రి లాగ్‌షీట్‌లో కారణం అన్న గడిలో తన పేరే రాసుకున్నారు.

పరిష్కారం చిన్నదే. గోడకూ స్పైక్ బస్టర్‌కూ మధ్య పెట్టే ఫిల్టర్ ఒకటి ఉంటుంది. సంకేతం అందులోకి కారిపోకుండా ఆపుతుంది. కొడుకు పాత సామాన్లు అమ్మేచోట వెతికి తెప్పించాడు. తండ్రి దాన్ని అరచేతిలో పెట్టుకుని, చెవి దగ్గర ఊపి చూసి, ''వేవ్ ట్రాపేరా ఇది. మా యార్డులో దీన్ని ఎక్కించడానికి క్రేను కావాలి'' అన్నారు. తర్వాత వరుసగా ఇరవై రాత్రులు లాగ్‌షీట్ రాశారు. ఇరవై రాత్రులూ వెలిగింది. అయినా మామూలు బెడ్‌లైట్‌ను మాత్రం తీయనివ్వలేదు. ''బ్యాకప్'' అన్నారు.

ఆ తర్వాత ఇంట్లో చిన్న మార్పొచ్చింది. గరాజ్ తలుపు కిర్రుమన్నా, ఓవెన్ గడియారం తప్పు చూపించినా మనవడు ''తాతయ్యా'' అని పిలవడం మొదలుపెట్టాడు. కోడలు డిష్‌వాషర్ జోలికి మాత్రం ఆయనను ఇంకా రానివ్వలేదు.

2024 మేలో వీసా గడువు దగ్గర పడటంతో వాళ్లు భీమవరం తిరిగి వెళ్లారు. కొడుకు ఆ డబ్బాలను ఇంకా పీకలేదు. ఎప్పుడో ఒకప్పుడు పీకాల్సిందేనని అతనికీ తెలుసు. నోటుబుక్ ప్యానెల్ తలుపుకు తాడుతో కట్టి ఉంది.

వెళ్లాక మొదటి ఆదివారం ఫోన్ చేశాడు. ఎప్పుడూ అడిగేది ''బాగున్నారా?'' అని. ఎప్పుడూ వచ్చే జవాబు ''మాకేంరా, బాగానే ఉన్నాం'' అని. ఈసారి అలా అడగలేదు. ''అమ్మా, రాత్రి లేచినప్పుడు లైటు వేసుకుంటున్నావా?'' అన్నాడు.

అవతల కాసేపు చప్పుడు లేదు.

''వరండాలో ట్యూబ్‌లైటు పోయి వారమైందిరా. ఎందుకులే అని మీ నాన్నగారికి చెప్పలేదు.''

వెనక నుంచి గొంతు వినిపించింది. ''ఏమిటీ? ఏ లైటూ?''